బిగించి కాచిన టేపు

"మగ్గం ముచ్చట్లు మీ ఇంటికాడ జెప్పుకో." చిట్యాల దగ్గర మా చిన్న కార్ఖానాలో సూపర్‌వైజరు నలుగురి ముందు నన్నన్న మాట ఇది. అది మంగళవారం. ఆయన నీలం చొక్కా వేసుకున్నాడు. నేనేదీ మరిచిపోను.

మేం బత్తాయి అంట్లకు చుట్టే టేపు చేస్తాం. మామూలు ప్లాస్టిక్ టేపును వేళకు విప్పకపోతే కాండాన్ని కోసేస్తుంది. మాది దానంతటదే పెళుసై రాలి మట్టిలో కలవాలి. మొక్కజొన్న పిండి నుంచి తయారయ్యే గట్టి ప్లాస్టిక్ గింజలు, మట్టిలో కరిగే మరో మెత్తని రకం కలిపి, కరిగించి పొర తీస్తాం. ఆ పొర ఊరికే తెగేది. వేడి రోలర్ల మధ్య సాగదీస్తే బలం వచ్చింది.

బలమైతే వచ్చింది కానీ, నకిరేకల్ నర్సరీకి పంపిన మొదటి సరుకు ఎండకు ముడుచుకుపోయి అంట్లకు చిగురు రావాల్సిన కన్నుల్ని నొక్కేసింది. "ఇంకోపారి గిట్లయితే పాత టేపే సుట్టుకుంటం" అన్నాడు నర్సరీ యజమాని. ఆయన వద్దంటే మా టేపు పని మూతపడినట్టే.

వేడి పెడితే కుదురుకుంటుందని సూపర్‌వైజరు సాగదీసిన టేపును వదులుగా ఓవెన్‌లో పెట్టాడు. ముద్దయి బయటికొచ్చింది. మా నాయిన మగ్గానికెక్కించే పడుగు దారాలకు గంజి పెట్టి, వీధి పొడవునా గుంజలకు బిగించి, ఆరేదాకా వదిలేవాడు కాదు. అందుకే, "పడుగు లెక్క బిగబట్టి కాచాలె సార్" అన్నాను. దానికే ఆ నీలం చొక్కా జవాబు.

మర్నాడు అన్నాల వేళ పాత ఇనుప చట్రానికి టేపు రెండు కొసలూ బిగించి ఓవెన్‌లో పెట్టాను.

"సార్ జూస్తే సంపుతడే" అంది పక్క మిషన్ అక్క.

"సూడనియ్యక్కా. సూడాల్ననే పెట్టిన."

పూర్తిగా చల్లారాకే విప్పాను. చాయ్ గిన్నెలో నీళ్లు కాచి రెండు ముక్కలు వేశాను. కాచని ముక్క సగానికి ముడుచుకుంది. నాది కదల్లేదు. వెనక నుంచి సూపర్‌వైజరు వంగి చూశాడు.

"ఎవలు జెప్పిండ్రు నీకు?"

"నేనే మీకు జెప్పిన సార్, నిన్న. ఇంటికాడ జెప్పుకోమన్నరు."

ఆయన చట్రం తీసుకుని ఓవెన్ వైపు నడిచాడు.

అలా బిగించి కాచిన రెండో సరుకు ఎండల్లోనే వెళ్లింది. సరుకు బాగానే ఉందని సూపర్‌వైజరు అన్నా నమ్మకం లేక నేనే బస్సెక్కి నకిరేకల్ పోయాను. చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. దాని అంచు పక్క నుంచి గోరంత చిగురు. వరస చివరిదాకా నడిచి చూశాను, ప్రతి అంటూ పచ్చగానే ఉంది.

ఇప్పుడు కల్వకుర్తి వైపు నర్సరీలూ అడుగుతున్నాయి. కొత్తగా చేరిన ఆడవాళ్లకు ఓవెన్ దగ్గర సూపర్‌వైజరే నేర్పుతాడు: "పడుగు లెక్క బిగబట్టాలె, సల్లారినంకనే ఇడవాలె." ఎవరు చెప్పారో మాత్రం చెప్పడు. చెప్పే రోజు కోసం నేను పక్క మిషన్ దగ్గరే ఉన్నాను. పనికి ఢోకా లేదు కదా, ఎన్నేళ్లయినా ఉంటాను.