అమ్మ జాకెట్టుకు రెండు ముందు ముక్కలు

మా అమ్మ ఇంట్లో ప్లాస్టిక్కు పారేయనిచ్చేది కాదు. ఐస్‌క్రీమ్ డబ్బా మూతలు, పాత ఫైళ్ల అట్టలు, నూనె డబ్బా పక్కలు, చివరికి నాన్న కాలు విరిగినప్పటి ఎక్స్‌రే కూడా కడిగి ఆరబెట్టి, జాకెట్టు కొలతలకు ముక్కలుగా కత్తిరించేది. కైకలూరులో మా ఇంటి గోడలకు వానాకాలమంతా చెమ్మే. కాగితం మీద కోసుకున్న కొలతలు మెత్తబడి అంచులు పోయేవి, మిగిలినవాటిని పురుగులు తినేవి. ప్లాస్టిక్ అయితే తుడుచుకుంటే చాలు, పదేళ్లుంటుందనేది. తన దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక్కొక్కరి ముక్కలు ఒక్కొక్క తీగకు గుచ్చి మేకులకు తగిలించేది. పేర్లు రాసేది కాదు. రంగు చూసి ఇది చేపల చెరువుల వాళ్లావిడది, ఇది టీచరుగారిది అని చెప్పేసేది.

నేనూ అమ్మ కుట్టుమిషన్ మీదే పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక పక్క వీధిలోనే ఉంటూ రోజూ వచ్చి కుట్టేదాన్ని. పనిలో వంకర కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. నోరు కూడా పెద్దదే.

ముదినేపల్లిలో చుట్టాల పెళ్లి వచ్చింది. అమ్మకు పట్టు జాకెట్టు నేనే కుడతానన్నాను. వద్దంది. నేను వినలేదు. అమ్మ కొలతలున్న తీగ దించి చూస్తే ముందు భాగానికి రెండు ముక్కలున్నాయి. ఎవరికైనా ఒక్కటే ఉంటుంది. గుడ్డ మడతపెట్టి కోస్తే రెండు వైపులూ ఒకేసారి వస్తాయి. పైగా ఎడమవైపు ముక్క పెద్దది. దాని అంచున ప్లాస్టిక్ పట్టీలు టేపుతో అతికించి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, మూడు.

"మా అమ్మకి కళ్లజోడు మార్చాలండీ" అని బట్టలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. ఆ పట్టీలు మూడూ కోసి చెత్తబుట్టలో పడేసి, చిన్న ముక్కతోనే రెండు వైపులూ కోశాను.

పెళ్లిలో అమ్మ పైట నిండుగా కప్పుకుని, ఎడమ చెయ్యి కాస్త ఎడంగా పెట్టుకుని కూర్చుంది. ఎలా ఉందని అడిగితే బాగా కుదిరిందంది. ఇంటికొచ్చాక చూస్తే చంక కింద కుట్లు విప్పేసి ఉన్నాయి. బంగారంలాంటి పట్టు పాడుచేశావని దానికీ కోప్పడ్డాను.

నెల తిరక్కుండానే నొప్పి దాచుకోలేకపోయింది. ఏలూరు తీసుకెళ్లాం. ఎడమ రొమ్ములో గడ్డ అన్నారు. ఎన్నాళ్ల నుంచి ఉందని డాక్టరుగారు అడిగితే, ఈమధ్యేనండీ అంది అమ్మ. అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఆ పట్టీలు. మొదటిదాని టేపు పచ్చబడి దుమ్ము పట్టి ఉంది. రెండోది కాస్త నయం. మూడోదే కొత్తది. గడ్డ పెరిగినప్పుడల్లా అమ్మ ఒక పట్టీ అతికించుకుంది. ఏడాది నుంచి ఆవిడ పడుతున్న బాధ నా చేతికే వచ్చింది, దాన్ని నేను కోసి పారేశాను.

వరండాలోకి రాగానే నిలదీశాను. తెలిసి తెలిసి కొలత మార్చుకున్నదానివి, నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదని.

"చెబితే నువ్వు అరుస్తావని భయమేసిందే" అంది.

అప్పుడు కూడా నేను అరుస్తూనే ఉన్నాను. బెంచీల మీద వాళ్లందరూ మావైపే చూస్తున్నారు.

బాగా ముదిరిపోయిందని డాక్టరుగారు నాకొక్కదానికే చెప్పారు. అమ్మకు తెలియనివ్వకూడదనుకున్నాను. ఆ రోజు నుంచి గొంతు పెంచలేదు. అన్నం వదిలేసినా, మందు ఉమ్మేసినా బతిమాలుకున్నాను. ముందు ముక్కలు రెండూ మళ్లీ కొలిచి కోసి, మెత్తటి నూలు జాకెట్లు కుట్టాను. ఎక్కడైనా పట్టేస్తోందా అని అడిగి అడిగి తొడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం హుక్కులు పెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి ఎప్పట్లా కోప్పడవే. నువ్విలా నెమ్మదిగా మాట్లాడుతుంటే, ఇంక నేను ఉండనని తెలిసిపోతోంది."

ఎంత ప్రయత్నించినా నాకు కోపం రాలేదు.