నా మోచేతికి సరిపోయిన హ్యాండిల్

ఆదోనిలో మా వీధి దాటగానే బండరాళ్ల కొండ మొదలవుతుంది. దాని అవతల ఒక పల్లెలో ఆడవాళ్లకు చదువు చెప్పే పని డెబ్బైల చివర నాకు దొరికింది. నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయన పూజ ముగించుకుని, ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలే నావి. వాటిని ఇంకొకరికి అందించే భాగ్యం కలిగిందని దేవుడికి దండం పెట్టుకుని రోజూ సైకిలెక్కేదాన్ని. ఆ పల్లెకు బస్సు లేదు. కొండ సందులో రాళ్లదారి పట్టుకుంటే గంటలోపే చేరవచ్చు.

ఒక ఏడాది ఎండాకాలం చివర, ఆ దారి దిగుడులో ముందు చక్రం ఎద్దులబండి గాడిలో ఇరుక్కుని పడ్డాను. ఎడమ మోచెయ్యి విరిగింది. ఎమ్మిగనూరు దగ్గర ఎముకలు కట్టే పెద్దాయన పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. "మూడు వారాలకు ఇప్పేయల్ల. మర్సిపోవద్దు" అన్నాడు.

మరచిపోలేదు. కానీ మూడు వారాలు నిండిన రోజు అమావాస్య. మర్నాటి నుంచి ఆషాఢం.

"శూన్యమాసంలో కట్టిప్పుతారా యాడైనా? శ్రావణం రానీ, మంచి దినం సూసి ఇప్పుదాం" అంది మా అత్త.

నాకూ అదే సబబనిపించింది. శ్రావణ శుక్రవారం కట్టు విప్పితే మోచెయ్యి వంగినది వంగినట్టే ఉండిపోయింది. పెద్దాయన ఆముదం రాసి, లాగి చూశాడు. "ఇంతే తల్లీ, ఇంగ సాగదు" అన్నాడు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. ఇప్పేద్దామని చెప్పే నోరు నాకూ ఉండింది.

వేళ్లు పనిచేస్తున్నాయి, కానీ చెయ్యి హ్యాండిల్ దాకా అందదు. దసరా లోపల తరగతి మళ్లీ మొదలుపెట్టకపోతే ఆ పల్లెలో చదువు ఎత్తేస్తామని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. అక్కడికి పోయేవాళ్లు వేరే ఎవరూ లేరు.

మా ఆయన నన్నూ సైకిల్నూ మా వీధి సైకిలు షాపు సాయిబు దగ్గరికి తీసుకుపోయాడు. సాయిబు సైకిల్ని చూడలేదు, నా చెయ్యే చూశాడు.

"చెయ్యి హ్యాండిలు కాడికి పోదు. హ్యాండిలే చెయ్యి కాడికి రావల్ల" అన్నాడు. ఎడమ వైపు ఒక పైపు ముక్క వంచి అతికిస్తానన్నాడు.

"అతుకు ఊడితే?" అన్నాడు మా ఆయన.

"ఊడితే నా మీసం గొరిగిస్తా సామీ."

"గడ్డమే గానీ నీకు మీసం యాడుందప్పా?"

సాయిబు నవ్వుతూనే పని ముగించాడు. వెనక చక్రం బ్రేకు కుడిచేతికి మార్చాడు. ముందు బ్రేకు తీసేశాడు. దిగుడులో దాన్ని పట్టుకుంటే తలకిందులవుతానట.

వారం రోజులు చదునైన నేల మీద తిరిగి, ఒక సోమవారం కొండదారి పట్టాను. ఎక్కుడు బాగానే సాగింది. దిగుడులో ప్రతి రాయికీ మోచెయ్యి జివ్వుమనేది. నేను పడిన గాడి కనబడగానే బ్రేకు పట్టాను. దిగి, ఆ నాలుగు బారల మేర సైకిల్ని నడిపించుకుపోయాను. మళ్లీ ఎక్కి, పల్లె దాకా దిగలేదు.

తరగతిలో అందరికంటే పెద్దావిడ నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఎట్లొచ్చినావమ్మా? సైకిలు మీదనా?"

"అవునవ్వా."

"యాడా దిగకుండానే?"

అబద్ధం చెప్పబుద్ధయింది. "గాడి కాడ దిగినాను" అన్నాను.

"మంచిపని చేసినావులే. మళ్లా పడితే మాకు ఒత్తులు యెవురు నేర్పిస్తారు?"

మర్నాడు నేను ఆ దిగుడుకు చేరేసరికి పదిమంది ఆడవాళ్లు గడ్డపారలతో, గంపలతో ఆ గాడిని పూడుస్తున్నారు. ఆ రోజు తరగతి అక్కడే, రాళ్ల నీడలో జరిగింది.