పట్టికలో పదమూడో వరుస

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. బంగారు గనులు మూతపడి మా ఊళ్లో అందరికీ పని పోయింది కానీ దయ్యాలకు మాత్రం పోలేదని వెక్కిరించేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది చెబుతాను.

మా గనుల ఊరి ఆండర్సన్‌పేటలో ఒక చిన్న వర్క్‌షాపులో కంప్యూటరు మీద బోల్టుల డ్రాయింగులు తీస్తాను. బోల్టు బొమ్మ ఒక్కటే. దానికో పట్టిక, అందులో ఒక్కో వరుస ఒక్కో సైజు. వరుస మారిస్తే బొమ్మ తనంతట తానే మారుతుంది. గదిలో నేనొక్కదాన్నే. ఇంట్లోనూ అంతే. గనిలో ఫిట్టరుగా చేసిన మా నాయన పోయి ఏడాది దాటింది.

పాత నీళ్ల పంపుకు నలభై బోల్టులు కావాలని ఆర్డరు వచ్చింది. ఓనరు మునిరత్నమన్న ముందే చెప్పేశాడు.

"ఇది తప్పయితే ఇంగ డ్రాయింగులన్నీ బెంగళూరులోనే చేయించుకుంటానమ్మా."

నమూనా బోల్టు బాగా అరిగిపోయి ఉంది. కొలిస్తే ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. అదే పన్నెండో వరుసగా రాసి, డ్రాయింగు బోల్టులు కోసే లేతు మిషను దగ్గరికి పంపి, గదికి తాళం వేసి అన్నానికి వెళ్లాను.

వచ్చి చూస్తే పదమూడో వరుస ఉంది. అంగుళం లావు, అంగుళం పొడవుకు ఎనిమిది మర చుట్లు. పేరు దగ్గర "8-1" అని ఉంది.

ఎవరైనా ముందు లావు రాసి, తరువాత మరలు రాస్తారు. తిరగేసి రాసేది మా నాయన ఒక్కడే. దాని మీద ఎన్నిసార్లు పోట్లాడానో. కంప్యూటరు మాత్రం ఆయన ఏనాడూ ముట్టుకోలేదు.

తుడిచేశాను. ఫైలు మూసి తెరిచాను. మళ్లీ ఉంది. భయం వేసింది, అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

నమూనా పక్కన స్కేలు పెట్టి గోటితో మరలు లెక్కబెట్టాను. అంగుళానికి సరిగ్గా ఎనిమిది. అంగుళం బోల్టే అరిగి ఇరవై నాలుగు మిల్లీమీటర్లకు దిగింది. తెల్లదొరల కాలం పంపుకు మిల్లీమీటరు మర ఎక్కడిది? గనుల ఊళ్లో పుట్టి ఆ మాత్రం తోచలేదు నాకు. లేతు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి ఒక్క బోల్టే కోశారు. నమూనాతో వచ్చిన పంపు నట్టు దానికి వదులుగా ఎక్కి, నాలుగైదు చుట్లకే పట్టేసింది.

"ఎట్ల కనిపెట్టినావమ్మా?" అన్నాడు మునిరత్నమన్న.

"నాయన చెప్పినాడన్నా."

ఎప్పుడో నేర్పించి ఉంటాడనుకున్నాడేమో, తలూపాడు.

నలభై బోల్టులూ పదమూడో వరుస కొలతతో కోశారు. ఉద్యోగం నిలిచింది. ఆ వరుస ఎలా వచ్చిందని తెలిసినవాళ్లను అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు.

ఒక్కటి మాత్రం దాచను. పోయిన వారం ఒక బోల్టు కొలత కావాలనే తప్పు రాసి, తాళం వేసి అన్నానికి వెళ్లాను. తిరిగొచ్చి తలుపు తీశాను. తప్పు తప్పులాగే ఉంది. చాలాసేపు చూసి, నేనే దిద్దుకున్నాను.