తాడు ఇవతలి మనిషి

వెర్లాన్ టిడ్‌వెల్‌కు ఏ కుర్రాడైనా నచ్చాడంటే, ఆ కుర్రాడికి వీలైనంత దూరంగా నిలబడతాడు. అది సిగ్గూ కాదు, బిడియమూ కాదు. ఉద్యోగం అలాంటిది.

మిసిసిపీ, అలబామాల్లోని కాలేజీ మైదానాలన్నీ అతని వంతు. బంతి చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక ప్రొఫెషనల్ జట్టుకు స్కౌటుగా ఏడాదిలో సగం కారులోనే బతుకుతాడు. ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్టులో జట్లన్నీ వంతులు వేసుకుని కాలేజీ కుర్రాళ్లను ఏరుకుంటాయి. ఎవణ్ణి ఏరుకోవాలో ఏడాది ముందే వాసన పట్టి చెప్పడం అతని పని. మిగతా జట్ల స్కౌట్లూ అవే మైదానాలకు వస్తారు. అదే హోటల్లో దిగి, ఒకే బల్ల దగ్గర వేయించిన క్యాట్‌ఫిష్ తింటూ, మనవల ఫోటోలు చూపించుకుంటారు. ఎవరి మనసులో ఎవరున్నారో మాత్రం చచ్చినా బయటపెట్టరు. పెళ్లిచూపులకు వచ్చి ఇంటి గుమ్మాల గురించి మాట్లాడి వెళ్లే పెద్దమనుషులకూ వీళ్లకూ పెద్ద తేడా లేదు. ఇంత వయసొచ్చిన మగవాళ్లు ఇలా దాగుడుమూతలు ఆడటం నాకైతే నవ్వు తెప్పిస్తుంది కానీ, ఆ ఆటలో ఓడినవాడికి తిండి పోతుంది.

ఆ ఏడు వెర్లాన్‌కు తిండి పోయే పరిస్థితే వచ్చింది. అతను మెచ్చి పంపిన ముగ్గురు కుర్రాళ్లు వరసగా చేతికి రాకుండా పోయారు. ఒకడికి ఆట రాలేదు, ఒకడికి బుద్ధి రాలేదు, ఒకడు మొదటి నెలలోనే ఇంటికి పోతానని ఏడ్చాడు. జట్టు పెద్ద విటేకర్ మొహమాటం లేని మనిషి. ఎవరి కంటా పడని ఒక్క మంచి కుర్రాణ్ణి తీసుకురమ్మనీ, లేకపోతే డ్రాఫ్టు అయ్యాక వేరే పని వెతుక్కోమనీ ఫోన్లోనే తేల్చి చెప్పేశాడు. యాభై ఏడేళ్ల వయసులో, హైస్కూలు పిల్లలకు ఆట నేర్పడం తప్ప వేరే విద్య రాని మనిషికి ఎవరిస్తారు పని? భార్య డార్లీన్‌కు ఆ సంగతి చెప్పలేదు. అన్నం సహించడం లేదంటే ఎండ దెబ్బ అని సర్దేశాడు.

అటువంటప్పుడు దొరికాడు క్వింటన్ ఊస్లీ.

టలోవా అనే చిన్న ఊళ్లో, పెద్ద కాలేజీలు కన్నెత్తి చూడని కాలేజీలో చదువుతున్నాడు. రక్షణ వరుసకు వెనక ఆఖరి మనిషిగా ఆడతాడు. అందరినీ తప్పించుకుని దూసుకొచ్చేవాణ్ణి గుద్ది నేలకూల్చాలి, అదీ అతని పని. వసంతకాలపు సాధనలో వెర్లాన్ అతన్ని మొదటిసారి చూశాడు. బంతి విసిరేవాడి చెయ్యి వదలకముందే, అది ఎక్కడికి వెళ్తుందో అక్కడికి బయలుదేరాడు క్వింటన్.  వెర్లాన్ ఆ పూటంతా మైదానం అవతలి మూల నిలబడి, ఎందుకూ పనికిరాని ఒక పొడుగు కుర్రాణ్ణి చూస్తున్నట్టు నటించాడు. పక్కనున్న స్కౌట్లు ఇద్దరు ఆ పొడుగువాడి గురించి వివరాలు రాసుకుని వెళ్లారు కూడా.

జట్టుకు పంపిన మొదటి నివేదికలో వెర్లాన్ క్వింటన్‌ను ఆకాశానికెత్తాడు. ఎంత దెబ్బ తగిలినా ఎడమ చెయ్యి ఒక్కసారి విదిలించుకుని లేచి నిలబడతాడనీ, నొప్పిని లెక్కచేయని రకమనీ రాశాడు. స్కౌట్ల లోకంలో ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. అదే కొంప ముంచింది.

ఆగస్టు వచ్చింది. సీజన్‌కు ముందు సాధన మొదలైంది. టలోవా మైదానం పెనంలా కాలుతోంది. స్కౌట్లు నిలబడే చోట పసుపు తాడు కట్టి ఉంది. అది దాటకూడదు, ఆటగాళ్లతో మాట్లాడకూడదు, సాధనలో వేలు పెట్టకూడదు. ఏ కాలేజీలోనైనా ఇదే పద్ధతి. మాట తప్పిన జట్టుకు మళ్లీ గేటు తెరవరు. వెర్లాన్ పక్కనే గ్యారీ ప్రూయిట్ చేరాడు. వేరే జట్టు స్కౌటు, పాతికేళ్ల స్నేహితుడు, పరమ కంత్రీ. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు నములుతూ కదిపాడు.

"ఏంట్రా, ఇంత ఎండలో ఇంత దూరం వచ్చావు? ఎవణ్ణో దాచిపెట్టుకున్నట్టున్నావే."

"నీ మొహం చూసి చాన్నాళ్లయింది, అందుకొచ్చా."

"నా మొహం మీద నీకంత ప్రేమ ఎప్పుడూ లేదు."

వెర్లాన్ నవ్వి చూపు పొడుగువాడి మీదికి మళ్లించాడు. చూపే అటు మళ్లింది, కనుకొలకులు క్వింటన్ మీదే ఉన్నాయి. ఏళ్ల తరబడి సాధించిన విద్య అది.

మొదటి గుద్దులో క్వింటన్ తనకంటే బరువైనవాణ్ణి వెల్లకిలా పడేశాడు. లేచి ఎడమ చెయ్యి విదిలించాడు. వెర్లాన్ మనసులో చిన్న గర్వం. రెండోసారి గుద్దినప్పుడు మాత్రం లేవడానికి కొంచెం ఆలస్యమైంది. లేచాక చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని నడిచాడు. నీళ్ల సీసా అందుకుంటే జారిపోయింది. ఎవరూ గమనించలేదు. తర్వాత హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించబోయి, రెండు మూడుసార్లు తడుముకుని, పక్కవాడి ముందు గడ్డం ఎత్తి నిలబడ్డాడు. పక్కవాడు ఏదో జోకు వేస్తూ పట్టీ బిగించాడు. క్వింటన్ కూడా నవ్వాడు.

వెర్లాన్ పొడుగువాణ్ణి చూస్తున్నట్టు నటించడం మరిచిపోయాడు.

ఒక చెయ్యి జివ్వుమనడం ఈ ఆటలో మామూలు. భుజం దగ్గర నరం నలుగుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. రెండు చేతులూ ఒకేసారి పట్టు తప్పాయంటే మాత్రం తప్పు భుజంలో లేదు, మెడ ఎముకలో ఉంది. ఆ సంగతి మైదానాల్లో తిరిగే ప్రతివాడికీ తెలుసు. ఇంకొక్క గట్టి గుద్దు పడితే ఈ కుర్రాడు మెడ కింద నుంచి కట్టెలా మిగిలిపోవచ్చు. వసంతంలో తాను మెచ్చుకుని రాసిన ఆ విదిలింపు ధైర్యం కాదు, జబ్బు. పాతికేళ్ల అనుభవం ఉన్న కళ్లు దాన్ని చూసి చప్పట్లు కొట్టాయి.

ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. కుర్రాడి ఆట ఆగిపోతుంది. దాచుకున్న పేరు ఊరంతా తెలుస్తుంది, తెలిసినా దానికిక విలువ ఉండదు. కాలేజీ గేటు మూసుకుంటుంది, విటేకర్ ఫోను మోగుతుంది. నోరు కుట్టేసుకుంటే? ఏమీ కాకపోవచ్చు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా. తాను డాక్టరు కాదు, పొరబడి ఉండవచ్చు. ఇవాళ్టికి గడిచిపోతే, రాత్రికి ఎవరి పేరూ చెప్పకుండా, ఆటగాళ్ల దెబ్బలు చూసే ట్రైనర్ చెవిన వెయ్యవచ్చు. మనిషి మనసు ఎంత దొంగదో చూడండి. ఆ కాసేపట్లో అతనికి ఎన్ని మంచి కారణాలు దొరికాయో.

హెడ్ కోచ్ రాండల్ ఈల వేశాడు. కుర్రాళ్లు రెండు వరుసల్లో నిలబడ్డారు. ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి గుద్దుకోవాలి. ఆ రోజు సాధనలో అదే ఆఖరిది, అదే మొరటుది. క్వింటన్ ముందు నలుగురున్నారు. మొదటి జంట ఢీకొన్న చప్పుడు తాడు దాకా వినిపించింది. రెండో జంట. క్వింటన్ వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు, చలికాలంలో చేతులు కాచుకునేవాడిలా. మూడో జంట. అవతలి వరుసలో అతనికి ఎదురుపడేవాడు ఆ జట్టులోకెల్లా భారీ మనిషి.

"ఎటు చూస్తున్నావురా?" అన్నాడు ప్రూయిట్ గొంతు తగ్గించి. నమలడం ఆపేశాడు.

వెర్లాన్ తాడు ఎత్తి అవతలికి దూరాడు.

పరుగెత్తడం అలవాటు తప్పిన శరీరం. అయినా పరుగెత్తాడు. ట్రైనర్ హోలిస్‌ను పేరు పెట్టి కేకేస్తూ, ఆపమని చేతులూపుతూ, రెండు వరుసల మధ్యకు వెళ్లి నిలబడ్డాడు.  రాండల్ మొహం కందగడ్డలా అయింది. ఎవడు వీడు, నా సాధన ఆపడానికి వీడెవడు, లాగి అవతల పారెయ్యండి అంటూ మీదికొచ్చాడు.  వెర్లాన్ ఆయాసపడుతూ హోలిస్ వైపు తిరిగాడు.

"వాడి చేతులు చూడు. రెండూ. నీ వేళ్లు నొక్కమను వాణ్ణి."

క్వింటన్ తనకేమీ లేదన్నాడు. బానే ఉన్నాను కోచ్, వీడెవడో పిచ్చోడు అన్నాడు. హోలిస్ తన చూపుడువేళ్లు రెండూ అతని చేతుల్లో పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. క్వింటన్ పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి, నుదుటి మీంచి చెమట కారింది. అయినా హోలిస్ వేళ్ల మీద పట్టు పడనే లేదు. హెల్మెట్ ముట్టుకోవద్దు, మెడ కదపొద్దు, కదలకుండా నిలబడు నాన్నా అన్నాడు హోలిస్. ఆ "నాన్నా" వినగానే కుర్రాడికి విషయం అర్థమైపోయింది. వెర్లాన్ వైపు చూసిన చూపు నిండా ద్వేషం ఉంది. అతన్ని బల్ల మీద కట్టి తీసుకువెళ్లారు.

పుట్టుకతోనే వెన్నెముక లోపలి దారి ఇరుకని, ఇక ఈ ఆట జన్మలో ఆడకూడదని డాక్టర్లు తేల్చారు. రాండల్ వెర్లాన్ జట్టు స్కౌట్లెవరూ తన గేటు తొక్కకూడదన్నాడు. విటేకర్ డ్రాఫ్టు దాకా కూడా ఆగలేదు. ఆకులు రాలే కాలానికే వెర్లాన్ ఇంట్లో కూర్చున్నాడు. డార్లీన్‌కు అప్పుడు మొత్తం చెప్పాడు.  ఆ పిల్లాడి ఇంటికి వెళ్లావా అని అడిగిందామె. లేదన్నాడు. అయితే వెళ్లమంది.

ఊస్లీల ఇల్లు టలోవాకు దక్షిణాన, పత్తి చేల అంచున ఉంది. రేకుల నీడలో క్వింటన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడకు గట్టి పట్టీ, చూపు రోడ్డు మీద. మనిషి వచ్చినట్టు తెలిసినా తల తిప్పలేడు, తిప్పాలని కూడా లేనట్టుంది. తల్లి వెనీటా తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆసుపత్రిలో వంట చేసే మనిషి, ఇంకా ఏప్రాన్ విప్పలేదు. వెర్లాన్ టోపీ తీసి పేరు చెప్పుకున్నాడు. కూర్చోమనలేదు ఆమె.

"మీరేనా ఆపింది?"

"అవునమ్మా."

"దేవుడికి దండం పెట్టుకున్నాను ఆ రోజు. మర్నాటి నుంచి మిమ్మల్ని తిట్టుకుంటున్నాను. రెండూ నిజమే. వాడు అన్నం తినడు, ఎవరితోనూ మాట్లాడడు. అసలు తనకు ఆటే రాదేమో, ఎవరూ ఎలాగూ తీసుకునేవాళ్లు కాదేమో అంటాడు. ఇంతకీ ఎందుకు చూస్తూ నిలబడ్డారు మీరు వాణ్ణి? వాడిలో ఏముందని?"

ఆ మాట ఎవరికీ చెప్పకపోవడమే వెర్లాన్ బతుకంతా. పాతికేళ్లలో ఏ కుర్రాడి ముందూ అనలేదు. కుర్చీ ముందుకు వెళ్లి, క్వింటన్ చూపుకు ఎదురుగా నిలబడ్డాడు.

"వసంతంలో నిన్ను చూశాను. బంతి ఇంకా విసిరేవాడి చేతిలో ఉండగానే అది ఎక్కడ పడుతుందో నువ్వు అక్కడికి బయలుదేరావు. ఎవరూ నేర్పలేరు అది. మా జట్టుకు నిన్నే తీసుకోమని చెప్పాను. నేను ఇన్నేళ్లలో చూసినవాళ్లందరిలోకీ నువ్వే గొప్పోడివి."

క్వింటన్ కనురెప్ప వాల్చలేదు. రోడ్డు మీద ఒక పత్తి లారీ వెళ్లింది. 

"ఇంకోసారి చెప్పండి," అన్నాడు కుర్రాడు.

వెర్లాన్ మోకాళ్ల మీద కూర్చుని, అతని మొహానికి దగ్గరగా, మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు.