అవ్వ తోమిన తూటా గొట్టాలు

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ మాట ముందు చెప్పేయకపోతే మిగతాది రాయడం నా వల్ల కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే, అదీ కెమిస్ట్రీలో. మొన్న తిరుపతి నుంచి వస్తుంటే పూతలపట్టు దగ్గర బస్సులో ఉండగానే ఫలితం ఫోన్లోకి వచ్చింది. పక్క సీటు ముసలామెకు చెప్పాను, కండక్టరుకు చెప్పాను, బంగారుపాళ్యంలో దిగి మైసూర్‌పాక్ కట్టించుకుంటూ అంగడాయనకూ చెప్పాను. తీరా ఇంటికొస్తే అవ్వ పెరట్లో కూర్చుని ఇత్తడి బిందెను చింతపండుతో తోముతోంది. "అవ్వా, పాసైపోయినా!" అని అరిస్తే, "అయ్యుంటావులే, రోన్ని నీళ్ళు పొయ్యి మే" అంది. నీళ్ళు పోస్తూ, పులుపు తగిలితే చిలుము ఎలా కరుగుతుందో నా కొత్త చదువంతా ఆమెకు చెప్పబోయాను. అంతలో ఆ పుల్లటి ఇత్తడి వాసన ముక్కుకు తగిలి మాట ఆగిపోయింది. గుర్తొచ్చింది బిందెలు కాదు, తాత తుపాకీ.

తాతకు పంట కాపలాకని లైసెన్సు తుపాకీ ఉండేది. మా చేను కొండవార. వేరుశనగ కాయ ఊరేసరికి అడవిపందులు దిగేవి. కాల్చాక మిగిలిన తూటా ఇత్తడి గొట్టాన్ని తాత పారేసేవాడు కాదు. తోమించి, ఎండబెట్టి, మళ్ళీ మందు నింపుకునేవాడు. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్లో అప్పగించాలి కదా, అది తిరిగొచ్చేలోగా బిస్కెట్ల డబ్బాలోని గొట్టాలు పచ్చగా చిలుము పట్టిపోయేవి. కొన్నిటికి వెంట్రుకవాసి చీలిక వచ్చేది. అలాంటిదాంట్లో మందు నింపి కాలిస్తే దెబ్బ పందికి కాదు, కాల్చినవాడి మొహానికి. పక్క ఊళ్ళో ఒకాయనకు అలాగే కన్ను పోయింది. అందుకని చీలినవాటి మీద తాత మా అమ్మ గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టేవాడు. అలాంటివాటినీ డబ్బాలోనే ఉంచేవాడు, ఎప్పుడో పాత్రలవాడు వస్తే ఇచ్చి గిన్నె తీసుకోవచ్చని. ఇత్తడిని పారేయడమంటే మా ఇంట్లో అన్నం పారేసినంత తప్పు.

నా చిన్నప్పుడు ఒక ఏడు ఎన్నికలు ముగిసి తుపాకీ ఇంటికొచ్చిన మర్నాడే ఆయుధపూజ వచ్చింది. అవ్వ కొడవళ్ళు, పారలు, నాయన మోటారుసైకిలు అన్నీ కడిగించింది. గొట్టాల పని మాత్రం తనే పెట్టుకుంది. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు. ఒక్కొక్కదాన్నీ లోపలా బయటా రుద్దింది, కడిగి ఎండలో బోర్లించింది. తర్వాత తుపాకీ పక్కన వరసగా నిలబెట్టి అన్నిటికీ కుంకుమ బొట్టు పెట్టింది. పండగ వెళ్ళాక తాత డబ్బా తెరిచాడు.

"ఏమే, అన్నిటికీ ఎర్రసుక్కలుండాయే?"

"పూజ సేసినాం గదా. బొట్టు పెట్టకుండా ఉంటారా?"

"మరి నేను పెట్టిన సుక్కలు యాడికి పోయినాయి?"

"అయ్యి పోయినేడు బొట్లనుకుంటి. పాత బొట్టు మింద కొత్త బొట్టు పెడతారా యాడన్నా? రుద్ది రుద్ది నా సేతులు పడిపోయినాయి."

"నా మొగం మింద పేలినాక అప్పుడు పెట్టు బొట్టు!"

"ఆ మొగాన పౌడరే నిలవదు, బొట్టు యాడ నిలస్తాది."

తాత డబ్బాతో అరుగు మీద కూలబడ్డాడు. ఒక్కో గొట్టాన్నీ కుంకుమ తుడిచి ఎండకెత్తి చూశాడు. నీళ్ళు పోసి చూశాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇటుకపొడి గీసిన గీత ఏదో, చీలిక ఏదో తెలిస్తే కదా! మంచిదని ఇటు పెట్టినదాన్ని కాసేపాగి అటు పెట్టేవాడు. అటుదాన్ని మళ్ళీ ఇటు. చివరికి అన్నీ కలిసి ఒకటే కుప్పయ్యాయి. చేలో పందులు పడుతున్నాయని కబురు మీద కబురు వస్తోంది. తాత లేచి నూనెడబ్బా ఒకటి, కర్ర ఒకటి తీసుకుని వాయించుకుంటూ పోయాడు. డబ్బా చప్పుడుకు ఆ పందులు భయపడలేదు. పంటలో చాలాభాగం తవ్విపోశాయి. తాత కొత్త గొట్టాలు కొనలేదు. ఆ తర్వాతి ఎన్నికలకు అప్పగించిన తుపాకీని వెనక్కి తెచ్చుకోనూ లేదు.

బిందె మీద నీళ్ళు పోస్తుంటే ఇన్నేళ్ళకు నాకు ఒకటి తట్టింది. ఆ గోళ్ళరంగు సీసాను అమ్మనడిగి తెచ్చిచ్చింది అవ్వే. తాత చుక్కలు పెడుతున్నంతసేపూ మూత పట్టుకుని పక్కనే కూర్చుంది కూడా.

"మరి బొట్లనుకున్నానంటివే అవ్వా?"

ఆమె చెయ్యి ఆగింది. "మరిసిపోయింటి మే. తెలిసి సెరుపుతానా? సేనంతా నా వల్లనే పాయె." ఆ గొంతులో బాధ అబద్ధమనిపించలేదు.

ముందు గదిలోకెళ్ళి తాతనడిగాను. ఆయన పకపకా నవ్వాడు. "తెలీకుండానా? మీ అవ్వా? అంతా తెలిసే తోమింది. నాకా పొద్దే అర్థమైపోయింది. నా కండ్లు ముఖ్యమనుకునింది, సెనిక్కాయలు పోతే పోయినాయి. ఇంగ అది తెలిసినాక గూడా తుపాకి పడితే నేనేం మనిషిని?"

"ఆయనకేం తెలుసు!" అని పెరట్లోంచి కేక వచ్చింది.

తాత నా ఫోను లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మార్కూ వేలుపెట్టి చదివాడు. "ఇంగ్లీషులో తగ్గినాయే పాపా" అన్నాడు. ఎవరిని నమ్మాలో తేలక ఇద్దరికీ మైసూర్‌పాక్ పెట్టాను. ఏళ్ళు గడిచేకొద్దీ జరిగింది తేటపడుతుందని అనుకునేదాన్ని. ఆ ఇద్దరికీ తేటపడే ఉంది, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కోలా.