అక్క కొలిచిన బాత్రూమ్

మా అక్కకు రెండో ఏట పోలియో వచ్చింది. రెండు కాళ్ళూ పనిచేయవు. చీరాలలో మాది మగ్గాల ఇల్లు. నాన్న నేస్తుంటే అక్క పక్కన కూర్చుని గళ్ళ కాగితం మీద చీరల అంచులు గీసేది. ఇప్పుడు ఆ గీతలే మా ఇద్దరి బతుకుతెరువు. డిజైన్లు అక్కవి, అమ్మకాలూ ప్రయాణాలూ నావి అని అనుకున్నాం గాని, ప్రయాణాలకు కూడా అక్క రాకుండా ఉండదు.

"కట్టుకునే మనిషి ముఖం చూడకుండా తరవాతి చీర ఎట్లా గీసేదే?" అంటుంది.

అలా చీరల ఎగ్జిబిషన్ల కోసం ఊళ్ళు తిరగడం మొదలయ్యాక హోటళ్ళలో మాకు ఒక ప్రత్యేకమైన గది ఇవ్వడం మొదలైంది. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉండే గది. కౌంటర్లో వాళ్ళు అక్కను చూడగానే ముఖం వెలిగించుకుని, "మీకోసం స్పెషల్ రూమ్ ఉందండీ" అనేవాళ్ళు. ఆ మాట వినగానే నాకు దడ పుట్టేది. ఒంగోలులో ఒకచోట అలాంటి గది తలుపు తీస్తే లోపల పై కప్పు దాకా పాత పరుపులు పేర్చి ఉన్నాయి. "ఎవరూ రారు కదండీ, అందుకని..." అని ఆ అబ్బాయి నసిగాడు. ఇంకోచోట గది బంగారంలా ఉంది, కాని ఆ గదికి వెళ్ళాలంటే మూడు మెట్లెక్కాలి.

నేను గొంతు పెంచేదాన్ని. మేనేజర్‌ని పిలవమనేదాన్ని. అక్క మాత్రం చేతిసంచిలోంచి దర్జీ టేపు తీసి, తలుపు వెడల్పు, కమోడ్ ఎత్తు, కుళాయికీ గోడకూ మధ్య దూరం కొలుచుకుంటూ కూర్చునేది. కొలిచినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేది. నాకు ఒళ్ళు మండేది. గొడవంతా నేను పడుతుంటే ఈవిడకు ఈ లెక్కలేమిటి అనిపించేది.

రెండేళ్ళ కిందట మార్చిలో గుంటూరు వెళ్ళాం. యార్డుకు మిర్చి లారీలు వస్తున్న రోజులు. ఆటో దిగేలోపే ఇద్దరికీ తుమ్ములు. బ్రాడీపేటలో కొత్తగా కట్టిన హోటల్లో దిగాం. మేనేజర్ నలభై ఏళ్ళాయన, మాటలో మర్యాద ఉన్నవాడు. ఆయనే స్వయంగా వచ్చి గది చూపించాడు.

"కట్టి మూడు నెలలే అయిందమ్మా. బాత్రూంలో స్టీలు కడ్డీలు కూడా పెట్టించాం. చూడండి" అన్నాడు.

కడ్డీ ఉన్నమాట నిజమే. అయితే అది కమోడ్‌కు ఎదుటి గోడకు ఉంది. కమోడ్ పక్కన చక్రాల కుర్చీ ఆపుకోవాల్సిన చోట వాష్‌బేసిన్ బిగించేశారు. స్నానం చేయడానికి గోడకు మడతపెట్టే పీట అమర్చారు, చాలా ఖరీదైన పీట. షవర్ తిప్పే కుళాయి మాత్రం అటువైపు గోడకు ఉంది. అంటే కూర్చున్న మనిషి లేచి వెళ్ళి నీళ్ళు తిప్పుకుని, మళ్ళీ వచ్చి కూర్చోవాలి. అద్దంలో అక్కకు కనపడేది ఎదుటి గోడ పైభాగం ఒక్కటే. వీటన్నిటికంటే ముందు గుమ్మం దగ్గర బెత్తెడు ఎత్తు గడప.

మర్నాడు పొద్దున్న ఎగ్జిబిషన్‌కు టైమవుతోంది. నేను కుర్చీని వెనక్కి తిప్పి గడప మీదుగా లాగాను. లోపల తిప్పడానికి చోటు లేదు. అక్క ఒక చేత్తో బేసిన్ పట్టుకుని, ఇంకో చెయ్యి నా మెడ చుట్టూ వేసి పీట మీదికి జరగబోయింది. ముందే తిప్పి ఉంచిన షవర్ నీళ్ళకు తడిసిన నేల మీద నా కాలు జారింది. ఇద్దరం కింద పడ్డాం. అక్క మోచెయ్యి టైల్ అంచుకు తగిలి చర్మం లేచిపోయింది.

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. దెబ్బకు కాదు, మేనేజర్ చూపించిన ఆ మెరిసే కడ్డీ మాకు రెండు మూరల దూరంలో కనపడుతున్నందుకు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. మోచెయ్యి చూసుకుంది.

"ముందు ఆ కుళాయి కట్టెయ్యవే, నీళ్ళు పోతున్నయ్" అంది.

కట్టేశాను.

"ఈ గది కట్టిన మేస్త్రి ఎవరో కనుక్కో."

"కేసు పెడతావా?"

"కాదు. మాట్లాడాలి."

మేస్త్రి దూరంలో లేడు. ఆ హోటల్ నాలుగో అంతస్తులోనే ఇంకా టైల్స్ పని చేస్తున్నాడు. మేనేజర్ మొదట కాస్త ఇబ్బంది పడ్డాడు. "ఇంజనీరుగారి ప్లాను ప్రకారమే కట్టించామండీ" అన్నాడు. అక్క, "తప్పు పట్టడానికి కాదండీ. ఒక్క పావుగంట పంపించండి చాలు" అంది. ఆమె మోచేతికి కట్టిన గుడ్డ చూసి ఆయనే వెళ్ళి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు.

మేస్త్రికి యాభై అయిదేళ్ళుంటాయి. వినుకొండ దగ్గర పల్లెటూరాయన. భుజం మీద సిమెంటు మరకల తువ్వాలు. గదిలోకి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళ నుంచి బాత్రూములు కడతన్నానమ్మా. నా చేతి కింద కట్టినదాంట్లో చుక్క నీరు బయటికి రాలేదు" అన్నాడు. గొంతులో కోపం ఉంది.

"మీ పని చూశాను మేస్త్రిగారూ. టైలుకూ టైలుకూ గీత ఎక్కడా తప్పలేదు. అందుకే మీతో మాట్లాడాలనుకున్నాను" అంది అక్క. ఆ మాట ఆమె ముఖస్తుతికి అనలేదు. నేసే ఇంట్లో పుట్టిన మనిషి, గీత తిన్నగా ఉందో లేదో ఆమెకు ముందు కనపడేది అదే.

తరవాత ఆమె చేసిన పని నేనెప్పుడూ చూడలేదు. చేతుల మీద బరువు వేసి మంచం మీదికి జరిగి, తన కుర్చీని ఆయన వైపు తోసింది. ఆ కుర్చీలో ఆమె ఇంకొకరిని కూర్చోనివ్వదు.

"ఇందులో కూర్చుని లోపలికి వెళ్ళి స్నానం చేయబోతున్నట్టు చేసి చూడండి. ఒక్కటే షరతు. కాళ్ళు నేలకు ఆనకూడదు."

ఆయన నా వైపు చూశాడు, మేనేజర్ వైపు చూశాడు. సిమెంటు అంటుతుందని తువ్వాలు పరిచి దాని మీద కూర్చున్నాడు. చక్రాలు తోసుకుంటూ గడప దాకా వెళ్ళాడు. ఆగిపోయాడు. వెనక్కి వచ్చి ఊపుతో తోశాడు. ముందు చక్రాలు లేచి కుర్చీ వెనక్కి ఒరిగింది. నేను పట్టుకోకపోతే పడేవాడే. మూడోసారి నేను సాయం పట్టాక లోపలికి వెళ్ళాడు. కుర్చీ తిరగలేదు. పీట మీద కూర్చోవడం కుదరలేదు. చెయ్యి చాపి కడ్డీ కోసం చూశాడు. అందలేదు. ఇంకొంచెం వంగాడు. అప్పటికీ అందలేదు.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని చక్రం మీద పెట్టుకున్నాడు.

"ఈ కడ్డీ ఎవరి కోసం పెట్టాను నేను?" అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు.

బయటికి వచ్చాక ఆయన ముఖంలో కోపం లేదు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. అక్క మళ్ళీ కుర్చీలోకి జరిగాక "చెయ్యి చాపండమ్మా" అని, అక్క చెయ్యి ఎంత ఎత్తుకు, ఎంత దూరానికి హాయిగా అందుతుందో గోడల మీద గీతలు పెట్టుకున్నాడు. అక్క నోటుబుక్కు తెరిచింది. ఇన్నేళ్ళ కొలతలు అందులో ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏది ఎంత ఎత్తులో ఉంటే తన చేతుల మీద తనే జరగగలిగిందో, ఏది ఎంత తగ్గితే నడుము పట్టేసిందో. ఇద్దరూ పనివాళ్ళు ఒక పని గురించి మాట్లాడుకునే తీరులో మాట్లాడుకుంటున్నారు. నేను చెయ్యగలిగిందేమీ లేక టీ తెప్పించాను.

గడప దగ్గర మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

"గడప తీసేస్తే నీళ్ళు గదిలోకొస్తాయమ్మా. రేపు నన్ను తిడతారు."

"నీళ్ళు పోయే వాటం ఎటు ఉంది?"

"లోపలి మూలకి. అయితే ఈ వాటం చాలదు." ఆయన గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "ఈ మూడు వరసలు పీకి మళ్ళీ పరవాల. గుమ్మం దగ్గర నీళ్ళు దిగిపోయే సన్నటి జాలీ ఒకటి అడ్డంగా వెయ్యాల. అప్పుడు రావు."

మేనేజర్ ఇంతసేపూ గోడకు ఆనుకుని వింటున్నాడు. "వెయ్యి మేస్త్రీ. నేను ఓనరుగారితో మాట్లాడతాను" అన్నాడు. అంతే అన్నాడు.

ఎగ్జిబిషన్‌లో మిగిలిన రెండు రోజులూ మేం పక్క గదిలో ప్లాస్టిక్ కుర్చీ, బకెట్, మగ్గుతో సర్దుకున్నాం. వచ్చే ముందు అక్క ఆ బాత్రూమ్‌ను గళ్ళ కాగితం మీద గీసి మేస్త్రికిచ్చింది. గడికి ఒక అంగుళం. కడ్డీలు ఎర్ర గీత, కుళాయిలు నీలం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ప్లాను కాగితాలు నాకు తలకెక్కవమ్మా. ఇది తెలుస్తంది" అన్నాడు.

మళ్ళీ దసరా ముందు ఆ హోటల్‌కే వెళ్ళాం. అదే గది. అక్క సంచి మంచం మీద పెట్టి, బట్టలు ఒళ్ళో వేసుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళింది. కుర్చీ ఎక్కడా ఆగలేదు. తలుపు మూసుకుంది.

నేను అలవాటు ప్రకారం తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపల పీట విప్పిన చప్పుడు, కుళాయి చప్పుడు, తరవాత చాలాసేపు నీళ్ళ చప్పుడు. ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది. ఇంట్లో తప్ప బయట ఎక్కడా ఆమె ఒంటరిగా స్నానం చేసింది లేదు. ఎక్కడికి వెళ్ళినా నేను లోపల ఉండాల్సిందే. అది ప్రేమ అనుకునేదాన్ని నేను. నలభై రెండేళ్ళ మనిషి తలుపు మూసుకోలేకపోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమె ఎన్నడూ అననూలేదు.

అరగంటకు తలుపు తెరుచుకుంది. తడి జుట్టు, ఉతికిన చీర, నుదుట తిన్నగా బొట్టు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"బాగుంది. ఆ ఎడమ మూల మాత్రం నీళ్ళు నిలుస్తున్నయ్. మేస్త్రిగారికి చెప్పాలి."

ఫోన్ చేసి చెప్పింది కూడా. ఆయన ఆ సాయంత్రమే వచ్చి, ఆ మూలలో ఒక మగ్గు నీళ్ళు పోసి చూసి, నాలుక కరుచుకున్నాడు. మర్నాడు మేం ఎగ్జిబిషన్ నుంచి వచ్చేసరికి ఆ టైల్ పీకి మళ్ళీ వేసి వెళ్ళాడు. మాకంటే ముందు ఆ గదిలో ఎవరెవరు దిగారో మాకు తెలియదు గాని, మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ ఒకామె ఆ గదే కావాలని రెండుసార్లు అడిగిందని మేనేజర్ చెప్పాడు.

మొన్న ఒక పొద్దున్న అక్క కొత్త అంచు గీస్తుంటే ఫోన్ మోగింది. మేస్త్రి. కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఎవరో గెస్ట్‌హౌస్ కడుతున్నారట, కింద ఇలాంటి గది ఒకటి కట్టే పని ఆయనకు అప్పజెప్పారట. వెనక సుత్తుల చప్పుడు, గాలి హోరు.

"అమ్మా, ఇంకా పైపులు వెయ్యలేదు. గోడలు మాత్రమే లేచినయ్. కమోడ్ ఎటు పెట్టమంటారు?"

అక్క పెన్సిల్ పక్కన పెట్టింది. ఫోన్‌ను స్పీకర్లో పెట్టి, కొత్త గళ్ళ కాగితం ముందుకు లాక్కుంది.

"తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో ముందు అది చెప్పండి మేస్త్రిగారూ" అంది.