సెగ అన్న మాట

ఈ ఉదయం మా అపార్ట్‌మెంటు డాబా మీద సున్నం కొడుతున్నారు. తడి సున్నం ఘాటు ముక్కుకి తగలగానే శేషగిరిగారు గుర్తొచ్చారు. గవర్నర్‌పేటలో ఏసీలు బిగించే చిన్న కంపెనీ ఆయనది. చదువు పూర్తిచేసి నేను మొదట చేరింది ఆయన దగ్గరే. మామూలుగా "అమ్మాయ్" అని పిలిచేవారు. "ఇంజినీరు గారూ" అన్నారంటే మాత్రం నాకు మూడిందని అర్థం.

ఒక మే నెలలో వన్ టౌన్‌లోని చేనేత చీరల దుకాణం నుంచి ఫోనొచ్చింది. పై అంతస్తులో చీరలు మడతపెట్టే గదికి మేమే ఏసీ బిగించాం, చూడ్డానికి నేను వెళ్లాను. అక్కడ పనిచేసే మంగమ్మగారు మధ్యాహ్నమయ్యేసరికి ఉండలేక కిందికొచ్చి మెట్ల మీద కూర్చుంటున్నారట. "ఏసీ పెట్టించినా వంకలేనండీ మేడమ్. మీరు బాగుందని రాసిస్తే ఈ నెలాఖరుకి ఆవిణ్ణి పని మానిపించేస్తా," అన్నాడు యజమాని.

"నెత్తిన సెగ కొడతందమ్మా," అన్నారు మంగమ్మగారు నాతో. నేను తలుపు దగ్గరే నిలబడి మీటరు చూశాను. ఇరవై అయిదు డిగ్రీలు. ఇంత చల్లటి గదిలో సెగేమిటని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. కూలింగ్ బాగుందని రాసి, సంతకం పెట్టి వచ్చేశాను.

సాయంత్రం శేషగిరిగారు నా కాగితం చదివి, "ఇంతకీ ఆవిడేమంది?" అని అడిగారు.

"సెగ కొడుతోందన్నారండీ."

"ఉక్కగా ఉందన్లేదుగా?"

"లేదండీ."

"మరి ఆ మాట ఇందులో ఏదీ, ఇంజినీరు గారూ?"

మర్నాడు మిట్టమధ్యాహ్నం నన్ను తీసుకెళ్లి మంగమ్మగారి చాప మీద కూర్చోబెట్టారు. నిలబడితే చేతికందేంత ఎత్తులోనే కాంక్రీటు కప్పు, దాని మీద నేరుగా ఎండ. చేతులు చల్లగానే ఉన్నాయి గానీ, పావుగంటలో మాడు చుర్రుమంది, కణతలు లాగడం మొదలైంది. "గాలాడక చెమట పోస్తే ఉక్క. పొయ్యి నుంచో గోడ నుంచో నేరుగా ఒంటికి తగిలేది సెగ. ఏసీ చల్లబరిచేది గాలిని, నీ మీటరు చూసేదీ గాలినే. ఆవిడ చెబుతున్నది కప్పు సంగతమ్మాయ్," అన్నారు మెల్లగా. కాలేజీలో వేడి నేరుగా ప్రసరించే రేడియేషన్ గురించి పేజీలకు పేజీలు రాసిన దాన్ని. అదే సంగతి ఒక మనిషి తెలుగులో చెబితే పోల్చుకోలేకపోయాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తప్పు నాదేనని యజమానికి నా చేతే చెప్పించారు. ఆయన కాసేపు సణిగినా, డాబాకి సున్నం కొట్టించి, కప్పు కింద థర్మోకోల్ పలకలతో సీలింగు వేయించాడు. ఆ తర్వాత ఏసీ ఇరవై ఏడులో పెట్టినా మంగమ్మగారు సాయంత్రం దాకా హాయిగా కూర్చుని పనిచేసుకునేవారు. ఆవిడ ఉద్యోగం నిలబడింది.

క్షమించమని అడిగినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పేముందమ్మా, మీటరు అట్టా చెప్పింది," అంది. ఆవిడ మందలించి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. శేషగిరిగారు లేరిప్పుడు. ఎవరింటికి వెళ్లినా సంచీలోంచి మీటరు తీసేముందు, వాళ్లు కూర్చునే చోట కాసేపు నేనూ కూర్చుంటాను. వాళ్లన్న మాటను అన్నట్టే తెలుగులో రాసుకుంటాను. నా తప్పుని ఇంకెవరికీ అంత దయగా మీటరు మీదికి నెట్టాల్సిన అవసరం రాకూడదు.